‘నచ్చలేదు’ అనడానికీ ‘బాగోలేదు’ అనడానికీ మధ్య దూరం

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను, పొరబడి ఉంటే సరిదిద్దండి. ఎల్డెన్ రింగ్ అనే గేమ్ మీద మీకూ మీ తమ్ముడికీ వాదన వచ్చింది. అది చెత్త గేమ్ అని అతనంటాడు, అందుకు మూడు కారణాలు చెబుతాడు: పీసీలో ఆడుతుంటే మధ్యమధ్యలో ఆగి ఆగి నడుస్తోంది, ఎక్కడికి వెళ్లాలో ఏం చెయ్యాలో రాసిపెట్టే చిట్టా ఏదీ లేదు, కష్టం తగ్గించుకునే వీలు లేదు. అది గొప్ప గేమ్ అని మీరంటారు, విమర్శకులిచ్చిన మార్కులు చూపిస్తారు. చివరికి అతను ‘ఎవరిష్టం వారిది, గేమ్‌కు మంచీ చెడూ ఏముంటాయి’ అని తేల్చేశాడు. అది మీకు మింగుడు పడలేదు. వ్యక్తుల ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా, వస్తునిష్ఠంగా, ఒక వీడియో గేమ్ నాణ్యతను తేల్చవచ్చా అన్నది మీ ప్రశ్న.

నేను మాదాపూర్ చుట్టుపక్కల కంపెనీల్లో పదహారేళ్లుగా గేమ్‌ల పనిలోనే ఉన్నాను. మొదటి తొమ్మిదేళ్లు టెస్టర్‌గా ఇతరుల తప్పులు పట్టాను, ఆ తరువాత డిజైన్ విభాగంలో చేరి నా తప్పులు ఇతరులు పడుతుంటే చూస్తున్నాను. ఆ అనుభవంతో చెప్పే జవాబు ఇది: నాణ్యతను తేల్చవచ్చు, కానీ మార్కుల పట్టిక చూపించి కాదు. మీ తమ్ముడి మూడు కారణాల్లో ఒకటి నూటికి నూరుపాళ్లు వస్తునిష్ఠమైనదే. మిగిలిన రెండూ కూడా ‘ఎవరిష్టం వారిది’ అని కొట్టిపారేసేవి కావు. అతను తన వాదనను తానే తక్కువ చేసుకున్నాడు.

తెలుగులో మనం ‘నచ్చింది’ అనీ ‘బాగుంది’ అనీ రెండు మాటలు వాడతాం. ‘నచ్చింది’ అన్నప్పుడు ‘నాకు’ అనే మాట పైకి చెప్పకపోయినా దాని వెనకే ఉంటుంది. ‘బాగుంది’కి ఆ తోడు అక్కర్లేదు. ‘బాగుంది గానీ నాకు నచ్చలేదు’ అని ఎవరైనా అంటే మనం వింతగా చూడం, ఏమంటున్నాడో వెంటనే అర్థమవుతుంది. రెండింటికీ అర్థం ఒకటే అయితే ఆ వాక్యం తనను తానే కొట్టేసుకోవాలి కదా. తిరగేసి అన్నా అంతే. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా బావ సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో ఒక డిస్కు కొనుక్కొచ్చాడు. అందులో ఒక బైక్ రేసు గేమ్ ఉండేది. మలుపు దగ్గర బండి గోడలోకి దూరిపోయేది, ఒక్కోసారి రేసు గెలిచాక కూడా ఓడిపోయినట్టు చూపించేది. ఆ రెండేళ్లలో మేమిద్దరం అంతగా ఆడిన గేమ్ మరొకటి లేదు. అది నాకు ఇప్పటికీ ఇష్టం, అది బాగోలేదన్న సంగతి నాకు అప్పుడూ తెలుసు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్న సామెతను ఇటువంటి వాదనల్లో అందరూ ఎత్తుకుంటారు. ఆ సామెత ఒకరికి కారం, ఒకరికి పులుపు కావాలని చెబుతుంది. కూర మాడిందా లేదా అన్న సంగతితో దానికి పనిలేదు.

గేమ్‌లలో మాడిన కూర లాంటి విషయాలు చాలా ఉంటాయి, వాటిని కొలవవచ్చు. తెర మీద సెకనుకు 60 ఫ్రేములు, అంటే ఒకదాని వెనక ఒకటి వచ్చే నిశ్చల చిత్రాలు, రావాలంటే ఒక్కొక్క ఫ్రేమును గీయడానికి దాదాపు 16.7 మిల్లీసెకన్ల వ్యవధి ఉంటుంది. ఏదో ఒక ఫ్రేము 80 మిల్లీసెకన్లు తీసుకుంటే తెర మీద బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుని, తరువాత గెంతుతుంది. దాన్నే మేము స్టటర్ అంటాం. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) అంకె చూసి ఇది తెలుసుకోలేం. రెండు సెకన్లకొకసారి ఇలా కుదుపు వస్తున్న గేమ్ కూడా సగటున 57 అని, 58 అని మర్యాదగా చూపిస్తుంది. అందుకే ఒక్కొక్క ఫ్రేము ఎంతసేపు తీసుకుందో గ్రాఫు గీసి చూస్తాం. గీత చదునుగా ఉంటే సరే, మధ్యలో ముళ్లలా లేస్తుంటే ఆ గేమ్‌కు జబ్బు ఉన్నట్టే. ఈ విషయంలో నా అభిప్రాయం, మీ అభిప్రాయం అంటూ ఉండవు.

కొలత ఎక్కడి నుంచి మొదలవుతుందో చెప్పడానికి ఒక సంఘటన చెబుతాను. కొన్నేళ్ల కిందట మేము ఒక దూకుడు గేమ్ (బొమ్మను ఒక అంచు నుంచి ఇంకో అంచుకు దూకించే ఆట) మీద పని చేస్తుండగా, ఒక సోమవారం వచ్చిన కొత్త బిల్డ్‌ను, అంటే తాజా మార్పులతో తయారైన గేమ్ ప్రతిని, ఆడిన టెస్టర్లలో ముగ్గురు విడివిడిగా ఒకే మాట రాశారు: ‘బొమ్మ బరువెక్కింది.’ ప్రోగ్రామర్లు నవ్వారు, ఎందుకంటే దూకడానికి సంబంధించిన అంకె ఒక్కటి కూడా మారలేదు. అప్పుడు నేనూ ఇంకొక సహోద్యోగీ కలిసి, సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోను కెమెరాను స్టాండుకు బిగించి, బటన్ మీద బొటనవేలూ వెనక తెర మీద బొమ్మ కాలూ రెండూ ఒకే చట్రంలో పడేలా పెట్టి, పాత బిల్డ్‌నూ కొత్త బిల్డ్‌నూ ఇరవైసార్ల చొప్పున చిత్రీకరించాం. తరువాత ఒక్కొక్క ఫ్రేమూ జరుపుతూ, బటన్ కిందికి దిగిన ఫ్రేము నుంచి కాలు నేల వదిలిన ఫ్రేము వరకు కాగితం మీద గీతలు పెట్టుకుంటూ లెక్కపెట్టాం. పాత బిల్డ్‌లో 19, కొత్త బిల్డ్‌లో 31. అంటే తేడా 12 కెమెరా ఫ్రేములు, సరిగ్గా 50 మిల్లీసెకన్లు, గేమ్ లెక్కలో మూడు ఫ్రేములు. తెర చిరిగినట్టు కనబడకుండా ఉండటానికి ఎవరో ఒక సెట్టింగు మార్చారు, దానివల్ల బటన్ నొక్కిన కబురు మూడు ఫ్రేములు ఆలస్యంగా చేరుతోంది. టెస్టర్లకు ఆ సంగతి తెలియదు, మిల్లీసెకన్లూ తెలియవు. వాళ్ల బొటనవేళ్లకు మాత్రం తెలిసింది. ‘బరువెక్కింది’ అన్న మాటను వింటే ఎవరైనా అది వ్యక్తినిష్ఠమైన మాట అనే అంటారు, కానీ దాని వెనక లెక్కపెట్టగలిగిన వాస్తవం ఉంది. అప్పటి నుంచి ఎవరైనా ‘ఏదో తేడాగా ఉంది’ అని రాస్తే నేను ఆ బగ్‌ను (లోపం మీద రాసిన ఫిర్యాదును) మూసెయ్యను.

కొలతకు కూడా పరిస్థితులు చెప్పాలి. ఏసీ గదిలో, ఛార్జర్ పెట్టిన ఫోనులో నిలకడగా 60 ఫ్రేములు వచ్చిన గేమ్‌ను, మే నెల మధ్యాహ్నం ఉప్పల్ వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆడితే పావుగంటకల్లా 30కి పడిపోవడం నేను స్వయంగా చూశాను. ఫోను వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, అది దాని స్వభావం. రెండు అంకెలూ నిజమే. ‘ఈ గేమ్ బాగా నడుస్తుంది’ అన్న వాక్యానికి ఎక్కడ, దేని మీద, ఎంతసేపు అన్న మూడూ జత చేస్తేనే అది వస్తునిష్ఠమవుతుంది. సైబర్‌పంక్ 2077 అనే గేమ్ విషయంలో జరిగినదంతా ఇదే. 2020 డిసెంబరులో విడుదలకు ముందు వచ్చిన సమీక్షలు శక్తిమంతమైన పీసీలలో ఆడి రాసినవి. విడుదలయ్యాక సోనీ వాళ్ల పాత గేమ్ యంత్రం ప్లేస్టేషన్ 4లో అది ఎంత ఘోరంగా నడిచిందంటే, వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన దుకాణం నుంచే తీసేసింది, 2021 జూన్‌లో గానీ తిరిగి పెట్టలేదు. సమీక్షకులు అబద్ధం చెప్పలేదు, కానీ వాళ్లు చూసిన గేమ్ వేరు, ఆ వారం ప్లేస్టేషన్ 4 వాళ్లు కొన్న గేమ్ వేరు.

ఇటువంటి కొలతలకు పరిశ్రమలో రాతపూర్వకమైన నియమాలే ఉన్నాయి. సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో మూడూ తమ యంత్రాల మీదికి వచ్చే ప్రతి గేమ్‌నూ పరీక్షించాకే అనుమతిస్తాయి. సేవ్ అవుతుండగా చెప్పాల్సిన హెచ్చరిక నుంచి కంట్రోలర్ ఊడిపోతే గేమ్ ఏం చెయ్యాలన్నదాకా వాళ్ల దగ్గర పట్టిక ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో అయితే, రోజూ వాడేవాళ్లలో 1.09 శాతం మందికి మించి క్రాష్ కనబడినా, 0.47 శాతం మందికి మించి గేమ్ స్పందించకుండా బిగుసుకుపోయినా, గూగుల్ ప్లే దాన్ని నాసిరకం కింద లెక్కగట్టి దుకాణంలో వెనక్కి నెట్టే అవకాశం ఉంది. కాబట్టి గేమ్ నాణ్యతలో వస్తునిష్ఠమైనది ఏదీ లేదన్న వాదన మా వృత్తిలో ఒక్క పూట కూడా నిలబడదు.

అలాగని అంతా కొలతలోనే ఉందనుకుంటే పెద్ద పొరపాటు. మా దగ్గరికి కొత్తగా చేరిన ఒక కుర్రాడు రెండో రోజునే ఒక బగ్ రాశాడు: ‘బొమ్మ అంచు దాటి గాలిలోకి వెళ్లిపోయాక కూడా దూకుతోంది, రెప్రో 5/5.’ ఐదుసార్లు ప్రయత్నిస్తే ఐదుసార్లూ జరిగిందన్నమాట. వీడియో జత చేశాడు, ఏ ఫ్రేములో కాలు అంచు దాటిందో గుర్తు కూడా పెట్టాడు. చక్కటి పని. డిజైనర్ దాన్ని ‘యాజ్ డిజైన్డ్’, అంటే కావాలనే అలా పెట్టాం, అని రాసి మూసేశాడు. దూకుడు గేమ్‌లు తయారుచేసేవాళ్లందరికీ తెలిసిన కిటుకు అది. అంచు దాటాక కూడా కొద్ది క్షణాలు దూకనిస్తారు. సెలెస్ట్ అనే గేమ్‌లో ఆ వెసులుబాటు సెకనులో పదో వంతు. ఆడేవాడు తాను అంచు మీదే బటన్ నొక్కాననుకుంటాడు, నిజానికి కాస్త ఆలస్యంగా నొక్కుతాడు, గేమ్ అతని తప్పును గుట్టుగా క్షమిస్తుంది. భౌతికశాస్త్రం ప్రకారం చూస్తే అది లోపమే. తీసేసి చూడండి, అందరూ ‘బటన్ సరిగ్గా పనిచెయ్యడం లేదు’ అంటారు. కొలతకు దొరికిన తేడా లోపమా, గుణమా అన్నది కొలత చెప్పదు.

1978లో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ అనే గేమ్ కథ ఇంకా విచిత్రమైనది. తెర నిండా శత్రువులు ఉన్నప్పుడు వాళ్లందరినీ గీయలేక ఆ యంత్రం మెల్లగా నడిచేది, కాల్చేకొద్దీ గీయవలసినవాళ్లు తగ్గి వేగం పెరిగేది. రూపకర్త తొమొహిరో నిషికాడో ఆ వేగాన్ని సరిచెయ్యకుండా అలాగే ఉంచాడు. గెలుపు దగ్గరపడేకొద్దీ గుండె దడ పెంచే ఆ గుణం యంత్రం చేతకానితనం నుంచి పుట్టింది. 2005లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చిన షాడో ఆఫ్ ద కొలోసస్‌లో ఫ్రేములు చాలాచోట్ల 30కి బాగా దిగువకు పడిపోయేవి. నేను టెస్టర్‌గా ఆ బగ్‌ను తప్పకుండా రాస్తాను, ఎక్కువ తీవ్రత ఉన్నదిగానే రాస్తాను. అయినా కొండంత ప్రాణి వీపు మీద జుట్టు పట్టుకుని వేలాడుతున్నప్పుడు కలిగే ఆ భయం, దాన్ని చంపాక కలిగే ఆ అపరాధభావం మరే గేమ్‌లోనూ నాకు ఎదురుపడలేదు. అక్కడ ఫ్రేములు పడిపోవడం గుణమేమీ కాదు, లోపమే. లోపం ఉన్న గొప్ప గేమ్ అది.

దీనికి ఎదురు ఉదాహరణ మా దగ్గరే ఉంది. ఒకసారి మేము తీవ్రమైన బగ్ ఒక్కటి కూడా మిగలకుండా, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి రాకుండా అన్ని పరీక్షలూ దాటించి ఒక పజిల్ గేమ్‌ను విడుదల చేశాం. కేకు కోశాం. మూడు నెలలు తిరగకముందే అది ఎవరికీ గుర్తులేకుండా పోయింది. మేము ఇళ్లలో ఎవరమూ దాన్ని ఆడేవాళ్లం కాదన్న విషయం అప్పుడు గానీ ఎవరూ పైకి అనలేదు.

పద్యం చదువుకున్నవాళ్లకు ఇందులో కొత్తేమీ ఉండదు. ఉత్పలమాల రాస్తే భ ర న భ భ ర వ గణాలు రావాలి, పదో అక్షరం దగ్గర యతి కుదరాలి, రెండో అక్షరం ప్రాస కావాలి. యతి తప్పితే తప్పినట్టే, కవి ఎంత పెద్దవాడైనా అది తప్పే, వేళ్ల మీద లెక్కపెట్టి చూపించవచ్చు. అన్నీ కుదిరాయని అది కవిత్వమైపోదు. అయితే మీ తమ్ముడు వదిలేస్తున్న మెట్టు ఇక్కడుంది. ఛందస్సు లెక్క ముగిశాక మిగిలినదంతా ‘ఎవరిష్టం వారిది’ అని మన పెద్దలు ఎప్పుడూ అనలేదు. పద్యం ఎందుకు బాగుందో, ఏ మాట తీసి ఇంకొకటి పెడితే చెడుతుందో కూర్చుని చర్చించారు, ఒకరినొకరు ఒప్పించారు, ఒక్కోసారి తాము మారారు. కేవలం ఇష్టాల మీద అయితే అలాంటి చర్చ సాగదు. నాకు కాకరకాయ ఇష్టమని మీరు వాదించి నన్ను ఒప్పించలేరు కదా.

కొలవలేనిదంతా అభిప్రాయం కాదు అనడానికి నా దగ్గరున్న అతి దగ్గరి ఉదాహరణ తెలుగు అక్షరాలది. ఒక గేమ్‌ను ఐదారు భారతీయ భాషల్లోకి మార్చి విడుదలకు సిద్ధం చేశారు. ఆ గేమ్ తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌కు మన ఒత్తులను కలిపి చూపించడం చేతకాదు. ‘యుద్ధం’ అన్న మాట తెర మీద ‘యుద్‌ధం’ అని పొల్లు విడిపోయి వచ్చింది, ‘శత్రువు’లో రావత్తు త కింద కూర్చోకుండా పక్కన ర గా విడిపోయింది. ఇంగ్లీషు మాత్రమే వచ్చిన పరీక్షకులు నలుగురు దాన్ని చూసి పాస్ చేశారు. వాళ్ల కంటికి అవి అందమైన వంకీలు. అదే తెర మా ఇంట్లో పదేళ్ల పాపకు చూపిస్తే ‘ఇదేంటి, తప్పు రాశారు’ అంది. నలుగురికి కనబడలేదు, ఒక్కరికి కనబడింది. ఓట్లు వేస్తే లోపం ఓడిపోతుంది. అయినా ఆ లోపం ఉంది, తెలుగు వచ్చిన ఎవరికైనా చూపించవచ్చు, చూపించిన మరుక్షణం ఒప్పుకుంటారు. కొందరికే కనబడటం వేరు, అభిప్రాయం కావటం వేరు. ఈ రెంటినీ కలిపెయ్యడమే ఇటువంటి వాదనలన్నింటిలో జరిగే పొరపాటని నా నమ్మకం.

మన అలంకారశాస్త్రంలో సహృదయుడు అనే మాట ఉంది. కావ్యాలతో చాలాకాలం పరిచయం వల్ల మనసు తుడిచిన అద్దంలా తయారైనవాడు అని దానికి వివరణ. గేమ్‌లకూ అలాంటివాడు ఉంటాడు. అతను రకరకాలవి, బోలెడన్ని ఆడి ఉంటాడు, తనకు నచ్చనివాటినీ చివరిదాకా ఆడి ఉంటాడు, అన్నిటికన్నా ముఖ్యంగా తనకు తోచినది గేమ్‌లోని ఏ చోటు వల్ల తోచిందో వేలుపెట్టి చూపించగలడు. ‘బోరు కొట్టింది’ అని ఆగిపోయేవాడి మాట మీద చర్చ చెయ్యలేం. ‘మూడో అంకంలో కొత్త ఆయుధం ఇచ్చారు గానీ అది తప్పనిసరయ్యే శత్రువు ఒక్కడూ రాలేదు, అందుకే పాతదానితోనే లాగించేశాను, బోరు కొట్టింది’ అనేవాడి మాటను నేను గేమ్ తెరిచి సరిచూసుకోగలను. నిజమే అయితే ఒప్పుకోవాలి, కాకపోతే ఫలానా శత్రువు ఉన్నాడని చూపించాలి. ఇలా సరిచూసుకోగలిగిన తీర్పునే నేను వస్తునిష్ఠమైన తీర్పు అంటాను. భూతద్దం కింద పెట్టి అంకెగా మార్చగలగాలని పట్టుబట్టను.

ఇంకొక మెలిక ఉంది. ఏది లోపం అన్నది ఆ ఆట ఏం చెయ్యదలచిందో చూడకుండా చెప్పలేం. వైకుంఠపాళిలో ఆడేవాడు తీసుకునే నిర్ణయం ఒక్కటి కూడా లేదు, పందెం ఎంత పడితే అన్ని గళ్లు నడవడమే. ఇది వాస్తవం, ఇందులో అభిప్రాయం లేదు. పులి–మేకలో మూడు పులులు, పదిహేను మేకలు, ప్రతి ఎత్తులోనూ ఆలోచించాలి, పైగా రెండు పక్షాల బలాలు వేరువేరు. మెదడుకు మేత పెట్టాలన్న లెక్కన చూస్తే వైకుంఠపాళి దండగమారి ఆట. కానీ ఐదేళ్ల మనవడు డెబ్భై ఏళ్ల నాయనమ్మతో సమానంగా కూర్చుని, నిజంగానే గెలిచి, ఆమె పెద్దపాము నోట్లో పడ్డప్పుడు కేరింతలు కొట్టాలంటే, నిర్ణయాలు లేకపోవడమే దాని బలం. పులి–మేకలో ఆ మనవడు ఒక్కసారి కూడా గెలవడు, నాయనమ్మ కావాలని ఓడిపోతే తప్ప. అలాగని ‘ఉద్దేశం అదే’ అని చెప్పి ఏ లోపాన్నయినా కప్పిపుచ్చుకోవచ్చని కాదు. మా డిజైనర్లకు ఆ జబ్బు బాగా ఉంది, నాకూ ఉంది. ఉద్దేశం ఏమిటో ఆట ఆడేవాడికి ఆటలోనే తెలియాలి, సమావేశంలో చూపించిన స్లైడులో ఉంటే చాలదు.

మార్కుల సంగతి త్వరగా ముగిస్తాను, మీకు నిరాశ కలిగినా సరే. మెటాక్రిటిక్ అనే వెబ్‌సైటు 2001 నుంచి విమర్శకుల మార్కులను కలిపి, కొన్ని పత్రికలకు ఎక్కువ బరువిచ్చి, సగటు కడుతోంది. ఆ అంకె కొలత లాగా కనబడుతుంది, కానీ దానికి మిల్లీసెకను లాంటి ప్రమాణం లేదు. 2010లో వచ్చిన ఫాలౌట్: న్యూ వేగస్ అనే గేమ్ తయారుచేసిన అబ్సిడియన్ సంస్థకు 85 వస్తే బోనస్ ఇస్తామని ఒప్పందమట, 84 వచ్చింది, బోనస్ రాలేదు. ఆ సంగతి వాళ్ల రచయిత క్రిస్ అవెలోన్ 2012లో బయటపెట్టాడు. 84కీ 85కీ మధ్య ఉన్న ఆ ఒక్క మార్కు గేమ్‌లో ఎక్కడుందో వేలుపెట్టి చూపించమంటే ఎవరూ చూపించలేరు. పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లోని శాతం ఇంకో రకం. అక్కడ కొన్నవాళ్లు అవునో కాదో మాత్రమే చెబుతారు. 95 శాతం అంటే నూటికి 95 మార్కులు కాదు, నూరుమందిలో 95 మంది ‘పర్లేదు, కొనుక్కోండి’ అన్నారని అర్థం. అందరికీ ఒక మోస్తరుగా నచ్చిన గేమ్‌కు 100 రావచ్చు, సగం మంది ప్రాణంగా చూసుకునే గేమ్‌కు 50 రావచ్చు. ఇక ‘మొదటి రోజు ఆడినవాళ్లలో రేపు ఎందరు తిరిగొచ్చారు’ అని మా కంపెనీలు చూసుకునే లెక్కలు వ్యాపారానికి పనికొస్తాయి. వ్యసనానికీ నాణ్యతకూ తేడా ఆ లెక్కకు తెలియదు.

ఇప్పుడు మీ తమ్ముడి మూడు కారణాలు. ఎల్డెన్ రింగ్ 2022 ఫిబ్రవరి 25న విడుదలైనప్పుడు విమర్శకుల సగటు 95 దరిదాపుల్లో ఉంటే, అదే రోజు స్టీమ్‌లో కొన్నవాళ్ల తీర్పు ‘మిశ్రమం’ అని చూపించింది. కారణం అతను చెప్పినదే, పీసీలో స్టటర్. అది అభిప్రాయం కాదు, గ్రాఫులో ముళ్లలా కనబడిన వాస్తవం, తరువాత ప్యాచ్‌లతో (విడుదలయ్యాక పంపే దిద్దుబాట్లతో) కొంత సరిచేశారు కూడా. ఈ పాయింట్ అతనికి ఇచ్చెయ్యండి.

చిట్టా లేకపోవడం గురించి నా తీర్పు రెండుగా చీలుతుంది. ఆ గేమ్‌లో దారీతెన్నూ లేని తిరుగుడే ప్రధానం. మొదట్లోనే బయట మైదానంలోకి రాగానే బంగారు కవచం తొడుక్కున్న గుర్రపు రౌతు ఒకడు ఎదురవుతాడు, తలపడితే రెండు దెబ్బల్లో చచ్చిపోతాం. పక్కనుంచి చెట్ల చాటున వెళ్లిపోతే వాడు పట్టించుకోడు. ‘గెలవలేకపోతే ఇంకోవైపు వెళ్లు, తరువాత రా’ అని ఒక్క అక్షరం రాయకుండా నేర్పిన పాఠమది. అక్కడ చిట్టా పెట్టి ‘రౌతును చంపుము’ అని రాస్తే ఆ పాఠమే పోతుంది. కానీ దారిలో కలిసే మనుషుల కథల విషయంలో నేను మీ తమ్ముడి పక్షం. ఒక మనిషి ఏదో పని చెబుతాడు, తరువాత చెప్పాపెట్టకుండా మరోచోటికి వెళ్లిపోతాడు, ఆ లోపు మనం ఇంకేదో చేస్తే అతని కథ తెగిపోతుంది. అతను అన్న మాటను తిరిగి చదువుకునే వీలు కూడా లేదు. ఇది తిరుగుడులోని ఆనందానికి ఏ రకంగానూ సాయపడదు. తయారుచేసినవాళ్లు కూడా సగం ఒప్పుకున్నారు: 2022 మార్చిలో వచ్చిన ప్యాచ్‌లో, కలిసిన మనుషుల గుర్తునూ పేరునూ మ్యాపు మీద చూపించే ఏర్పాటు చేశారు.

కష్టం తగ్గించే మీట లేకపోవడం ఒక్కటీ నా లెక్కలో లోపం కాదు, ఎందుకంటే వాళ్లు ఆ మీటను గేమ్ లోపలే ముక్కలు చేసి పంచిపెట్టారు. బూడిద నుంచి పిలిచే సహాయక ఆత్మలున్నాయి, ఇతర ఆటగాళ్లను పిలవవచ్చు, నాలుగు గుహలు తిరిగి బలం పెంచుకుని రావచ్చు. ఇవన్నీ తెలిసి కూడా ‘ఆఫీసు నుంచి వచ్చి అలసిపోయి ఉంటాను, నాకు ఇంత కష్టం వద్దు’ అంటే అది పూర్తిగా న్యాయమైన మాట, దానికి సరైన క్రియ ‘నచ్చలేదు’. మీ తమ్ముడు పట్టుకోవలసిన అసలు లోపం వేరే ఉంది: భూగర్భ సమాధుల్లోనూ గుహల్లోనూ అవే బాస్‌లను (చివర్లో ఎదురయ్యే పెద్ద శత్రువులను) మళ్లీ మళ్లీ తెచ్చి పెట్టారు, ఆ గేమ్ రెండో సగంలో ‘వీడినెక్కడో చంపానే’ అన్న విసుగు చాలాసార్లు వస్తుంది. ఎన్నిసార్లు వచ్చారో పేర్లతో సహా లెక్కపెట్టి మీ ముందు పెట్టవచ్చు, మీరు కాదనలేరు.

ఒక చిన్న సలహా. అతని పీసీలో ఫ్రేమ్ టైం గ్రాఫు చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదైనా వేసి, బయటి మైదానంలో పది నిమిషాలు గుర్రం మీద తిరిగి చూడండి. ప్యాచ్‌లన్నీ వేశాక కూడా ముళ్లు కనబడుతుంటే, ముందుగా గేమ్ ఏ డ్రైవులో ఉందో చూడండి. పాత హార్డ్ డిస్కులో ఉంటే అంతకన్నా వేగంగా చదివే డ్రైవు ఎస్‌ఎస్‌డీలోకి మార్చి మళ్లీ అదే దారిలో, అంతేసేపు తిరిగి, రెండు గ్రాఫులనూ పక్కపక్కన పెట్టండి. తప్పు గేమ్‌దో పీసీదో తేలాక మిగతా రెండు పాయింట్ల మీద వాదించుకోవడం తేలికవుతుంది.